మూత ఎవరిది?

ఘానా దేశపు కుమాసిలో, సువామె అనే మేస్త్రీల వాడలో ఎవరైనా కొత్త పనిముట్టు చేస్తే, పెద్దమేస్త్రీ బోఆటెన్ దాని ముందు నేలమీద సారా ఒలికించి, “ఎవరి తలలో పుట్టింది?” అని అడుగుతాడు. ఆ పేరును చనిపోయిన పెద్దలకు వినిపిస్తాడు.

బుధవారం నాడు వెల్డరు అడొమాకో “నా తలలోనే” అన్నాడు. కర్రపెండలం తురిమే యంత్రానికి, తన బరువుతో తానే ముక్కల్ని నొక్కే మూత చేశాడు. చేత్తో నొక్కే పని తప్పింది. టాక్సీ తలుపు దానంతటదే పడటం చూసి తనకు తట్టిందనే అతను నిజంగా నమ్మాడు. మూతమీద తన పేరు కూడా రాసుకున్నాడు.

శుక్రవారం ఫ్రెమా వచ్చింది. పెండలం తురుము వేయించి అమ్మే మనిషి. పాత యంత్రం ఆమె చూపుడువేలి కొస తినేసింది. మూత ఎత్తి వదిలి చూసింది.

“బాగా కుదిరింది మాస్టరూ. నాది ఇట్లా పడేది కాదు.”

“నీదేంటక్కా?”

“చెక్కకి పాత చెప్పు కట్టి ఇట్లాంటి మూతే తెచ్చాను కదా, రెండు వానాకాలాల కింద! ‘తురుము వేయించుకో తల్లీ, ఇంజనీర్లకిక్కడ కరువులేదు’ అన్నావు. అందరూ నవ్వారు. పోనీలే, పని జరిగిందిగా.”

అడొమాకో చెవులు కాలిపోయాయి. నీలంరంగు చెప్పు, తాడుతో కట్టిన కీలు కళ్లముందుకొచ్చాయి. నవ్వుతూనే ఆ చెక్కను వేలితో ఆడించి చూశాడు తను. మనిషిని పంపేశాడు, చెక్క మాత్రం తలలో ఉండిపోయింది. టాక్సీ తలుపు దానికి కీలు చూపించిందంతే. రెండు మూతలు తేలికై పాడయ్యాక సరైన బరువు పట్టుకున్నది మాత్రం తనే.

మూతమీది తన పేరు మీదే ఫ్రెమా చెయ్యి ఉంది. ఆమెను కాసేపు ఆగమని, సారా సీసా కొని, మేస్త్రీలంతా అన్నాలు తినే వేళకు బోఆటెన్‌ను వెంటబెట్టుకొచ్చాడు.

“మళ్లీ పొయ్యాలి మాస్టరూ. తప్పు పేరు చెప్పాను.”

“నా నోటితో పెద్దలకి అబద్ధం వినిపించావట్రా! ఎవరిదిది?”

“ఫ్రెమా అక్కది. కీలు టాక్సీది. బరువొక్కటే నాది.”

“అయితే టాక్సీ నంబరు కూడా చదవండి మాస్టరూ!” ఎవరో అరిచారు. వాడంతా నవ్వింది. అడొమాకో తల వంచుకుని, ఇనప బ్రష్షుతో మూతమీది తన పేరు గీకుతూ కూర్చున్నాడు.

నవ్వనిది ఫ్రెమా ఒక్కతే. “ఈ అంచు కాస్త లోపలికి వంచితే ముక్క ఇరుక్కోదేమో” అంది.

ఆమె ముఖం చూడలేక, సుద్దముక్క చేతిలో పెట్టాడు.

“ఎక్కడో గీసి చూపించక్కా.”