పడుగు కింది బంతి

నా చిన్ననాటి రోజుల్లో తేదీతో సహా గుర్తున్న మొదటి రోజు 1963 డిసెంబరు రెండు, సోమవారం. పొద్దున ఆరు గంటలు. భువనగిరి గుట్ట మీద ఎండ ఇంకా పడలేదు. మా వాడ ఈ కొస నుంచి ఆ కొస దాకా పడుగు చాచి ఉంది. మగ్గానికి ఎక్కించే ముందు నిలువు పోగులన్నిటినీ అలా బారుగా చాచి, కర్రల మీద నడుమెత్తున నిలిపి, గంజి పట్టించి ఆరబెట్టేవారు. మా నాయనమ్మ గంజిలో ముంచిన కుంచెతో పోగులను దువ్వుతూ వస్తోంది. ఆమెను ఇంటిల్లిపాదీ అవ్వ అనే పిలిచేవాళ్లం. అప్పుడే వాడ మొదట్లో బంతి చంకన పెట్టుకుని మా చిన్నాయన, ఆయన వెనుక బడిపిల్లల గుంపు కనిపించారు.

చిన్నాయన పట్నంలో ఒక మిల్లు జట్టుకు ఫుట్‌బాల్ ఆడి, మోకాలు దెబ్బతిని, ఇంటికి వచ్చి మగ్గంలో కూర్చున్న మనిషి. రోజూ పొద్దున బడి మైదానంలో మగపిల్లలకు ఆట నేర్పేవారు. ఫిబ్రవరిలో నల్లగొండ పిల్లలతో పోటీకి ఒప్పుకుని ఉన్నారు. అంతలో బడికి కొత్త గదులు కడతామని మైదానం నిండా రాళ్లు దింపారు.

"ఏంరా, గీ మందనంత గిటు తోలుకొచ్చినవ్?" అంది అవ్వ.

"బడికాడ జాగా లేదవ్వా. జర గీడ ఆడుకుంటం."

"పడుగు తడిమీదుంటే గీడ ఆటలా? దుమ్ము లేస్తే గంజికి అంటుకుంటది. పోగులు తెగితే నీ మోకాలుతోని అతుకుతవా?"

చిన్నాయన నవ్వి, బంతి కింద పెట్టి, పిల్లలను బావికి పంపారు. ఒక్కొక్కరు ఒక్కో బిందె నీళ్లు తెచ్చి వాడంతా చల్లారు. దుమ్ము అణిగింది. తర్వాత ఆయన చెప్పిన నియమం ఒకటే: "బంతి భూమ్మీద ఉరకాలె, ఎగరద్దు. పోగుల కిందికెల్లి అటు పోవాలె, ఇటు రావాలె. పోగుకు తాకిచ్చినోడు రేపు రెండు బిందెలు ఎక్కువ మోస్తడు."

నేను అప్పటికి రెండేళ్లుగా ఆ ఆటను బడి గోడ ఇవతల నిలబడి చూస్తున్నాను. ఆడపిల్లలు మైదానంలోకి పోకూడదని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. ఆ రోజు మాత్రం మైదానమే మా గుమ్మం ముందుకు వచ్చింది. చిన్నాయన చుట్టూ చూసి, "పోగు తెగితే అతికెటందుకు ఒక మనిషి కావాలె గదా. నువ్వు రా బిడ్డా," అని నన్ను పడుగు చివర రెండు గుంజల నడుమ నిలబెట్టారు. ఆ రెండు గుంజలే గోల్.

అవ్వ లెక్కలో నేను పోగులు చూసే పిల్లను. చిన్నాయన లెక్కలో ఏమిటో ఆయన నాకూ చెప్పలేదు. మూడోనాడు బంతిని నా చేతుల్లోకి విసిరి, "వేళ్లు జర ఇప్పు. పోగు పట్టుకున్నట్టు గాదు, నిండు గంజిముంత పట్టుకున్నట్టు పట్టు," అన్నప్పుడు తెలిసింది.

పడుగు వల్ల ఆట తీరే మారిపోయింది. పోగులకు ఇటు కొందరు, అటు కొందరు. దాటడానికి వీల్లేదు. అవతలివాడి ముఖం చూసి, వాడి కాలు ఎక్కడుంటుందో అంచనా వేసి, బంతిని పోగుల కిందుగా పంపాలి. నెల తిరిగేసరికి ఆ పిల్లల కాళ్ల కింద బంతి నేలకు అంటుకున్నట్టే నడిచేది. పొరపాటున లేచే బంతి మీద కన్నేసి ఉంచవలసినదాన్ని నేనొక్కదాన్నే. ఎందుకంటే పోగులు నావి.

జనవరిలో ఒక ఉదయం అవ్వ పెళ్లిచీర పడుగు చాచింది, ఎర్రటిది. తడినేల మీద ఒక పిల్లవాడి కాలు జారి, బంతి లేచి, నేరుగా నా వైపు పోగుల మీదికి వచ్చింది. నేను గుంజల నడుమ నుంచి ఎగిరి దాన్ని గుండెకు అదుముకుని మోచేతి మీద పడ్డాను. అవ్వ కుంచెతోనే నా దగ్గరికి వచ్చింది.

"పోగులు అతుకుమని నిలబెడితే బంతులు పడుతున్నవా పిల్లా?"

"తెగకుంట పట్టుడు అతుకుడుకంటే మంచిదే గదా అవ్వా," అన్నారు చిన్నాయన.

అవ్వ కుంచె పక్కన పెట్టి, అరచేత్తో పోగులను తడుముతూ ఆ చివరి దాకా నడిచింది. ఒక్కటీ తెగలేదు. తిరిగి వచ్చి నా మోచేతి నెత్తురు కొంగుతో తుడిచి, "రేపటికెల్లి లంగ పైకి చెక్కుకో. కాళ్లకు అడ్డం పడుతాంది," అంది.

ఆ తర్వాతి రెండు వారాలు నేను పోగుల సాకు లేకుండా ఆడాను.

ఫిబ్రవరి మూడున మైదానంలో రాళ్లు తీసేశారు. పిల్లలంతా అటే పోయారు. మరునాడు పొద్దున నేను ఒక బిందె నీళ్లు తెచ్చి వాడలో చల్లాను. "ఎవరికోసమే?" అంది అవ్వ. నేను రెండో బిందెకు బావికి పోయాను.

నల్లగొండలో మా వాళ్లు ఒక్క గోల్‌తో ఓడిపోయారు. మరునాడు నేను రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతుంటే చిన్నాయన వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఎట్ల పోయింది చిన్నాయినా?"

"కింద బంతంత మనోళ్లదే బిడ్డా. ఒక్కటి పైకెల్లి వచ్చింది. గోల్‌ల ఉన్నోడు కాళ్లకాడ చూసుకుంట నిలబడ్డడు." నేను చుట్టిన కండె ఒకటి తీసి పక్కన పెట్టి అన్నారు: "పైకి చూసుడు నీకొక్కదానికే నేర్పిన. నిన్నే ఇడిసిపెట్టి పోయిన. తప్పు నాదే."

పదకొండేళ్ల పిల్లతో పెద్దమనిషి తన తప్పు తాను ఒప్పుకోవడం నేను అంతకు ముందు వినలేదు. ఆ మాటతో ఆయన ఊరుకోలేదు కూడా. మరునాటి నుంచి ఆ గోల్ పిల్లవాణ్ని పొద్దున్నే మా వాడకు తీసుకొచ్చి, "నేర్పు," అని గుంజల దగ్గర వదిలి, తాను అవ్వ చేతి కుంచె అందుకునేవారు. గంజిముంత పట్టినట్టు పట్టమని వాడికి నేనే చెప్పాను. జాగా పోయినప్పుడు ఉన్న జాగాలో ఆటను మలచడం ఒక విద్య. జాగా తిరిగి వచ్చినప్పుడు, ఇరుకులో తోడు నిలిచిన మనిషిని మరవకపోవడం అంతకంటే కష్టమైన విద్య. రెండూ నాకు ఆయన దగ్గరే తెలిశాయి.

ఆ ఎండకాలం చిన్నాయన షోలాపూర్‌కు మరమగ్గాల పనికి వెళ్లారు. బస్సు దాకా నేనే బంతి మోశాను. ఆయన దాన్ని తీసుకోలేదు.

పోయినవి చెప్పుకోవాలంటే: చిన్నాయన రెండు పండుగలకు వచ్చి, మూడో పండుగ నుంచి రాలేదు. అవ్వ లేదు. మా వాడలో పడుగు చాచేవారు లేరు. గుంజలు పాతిన చోట ఇప్పుడు సిమెంటు. బంతి తోలు చీకిపోయింది. మళ్లీ నేను ఎక్కడా ఆడలేదు.

మిగిలినవి: మోచేతి మీద అంగుళం మచ్చ. నిండు పాత్ర దేన్నయినా రెండు చేతులా, వేళ్లు విప్పి పట్టుకునే అలవాటు. పొద్దున ఆరింటికి వాకిట్లో నీళ్లు చల్లుతాను. గుమ్మం ముందు వరకు చల్లితే చాలు. నా చెయ్యి అక్కడ ఆగదు. వీధి ఆ కొస దాకా, దుమ్ము అణిగేదాకా చల్లి వస్తాను.