ముందు తన చేతికే రాసుకున్న పెద్దమ్మ

పోయిన మంగళవారం పొద్దున పాలు పిండుతుంటే పక్కింటి కోడలు గోడ దగ్గరికి వచ్చి, "అన్నా, మా అత్తమ్మ పోయింది" అన్నది. వరసకు ఆ అత్తమ్మ నాకు పెద్దమ్మ. నిజం చెప్పాలంటే నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. వానలు మొదలై జోరీగలు దిగాయి. నా బర్రె చూడితో ఉంది. దానికి నూనె కలిపి రాసే మనిషి ఇక లేదు. దుఃఖం దహనం అయ్యాక వచ్చింది.

మా కాజీపల్లిలో ఇప్పుడు సగం ఇళ్లు కిరాయికిచ్చినవే, బర్రెలున్నవి రెండో మూడో. జోరీగ సంగతి తెలియని వాళ్లకు చెబుతున్నాను: అది కుట్టిన చోట నెత్తురు చుక్క నిలబడుతుంది. నిరుడు వెనక గల్లీలో అలా కుట్టించుకున్న బర్రె జ్వరమొచ్చి, కూలబడి, మళ్లీ లేవలేదు. అప్పటి నుంచి ఆ రెక్కల చప్పుడు వింటే చాలు, తువ్వాల పట్టుకుని బర్రె దగ్గరికి ఉరుకుతాను.

పెద్దమ్మ వేపనూనె, కానుగనూనె కుంకుడు రసంలో పోసి తెల్లగా అయ్యేదాకా చిలికేది. పాలు పిండాకే రాసేది, పొదుగును తాకేది కాదు. "ఈగను సంపుడు గాదు బిడ్డా, జెర దాని మనసు మళ్లిస్తే సాలు" అనేది. నేను తొందరపెడితే, "అయితే నువ్వే కూసోని తోక ఊపు" అని వెక్కిరించేది. ఏ రోజు కలిపినా ముందు తన ముంజేతికి రాసుకుని, ఒక వక్క నమిలేంతసేపు ఆగేది. "నాకు మండితే నోరున్నది, అరుస్త. దానికేమున్నది?"

రెండేళ్ల కిందట నేనొక తప్పు చేశాను. ఈ చుట్టుపక్కల అందరం చేసేదే. నేను పనిచేసే ఫ్యాక్టరీ నుంచి రసాయనం ఖాళీ అయిన నీలం డబ్బా తెచ్చి, మూడుసార్లు సబ్బుతో కడిగి, కానుగనూనె పోయించుకొచ్చాను. పెద్దమ్మ మూత తీసి వాసన చూసింది.

"ఏందిరా, గిట్లున్నది?"

"కడిగిన పెద్దమ్మా. జల్దీ రాయి, కంపెనీ బస్సొస్తది."

ఎప్పటిలాగే ముంజేతికి రాసుకుంది. వక్క నమలడం మధ్యలో ఆగింది. చెయ్యి ఎర్రబడి, సాయంత్రానికి బొబ్బలెక్కింది. పటాన్‌చెరు దవాఖానలో డాక్టరు అడిగితే, "పూరీలు కాలుస్తుంటే నూనె సిందింది సారూ" అని చెప్పింది. డబ్బా సంగతి బయటపడితే నా నౌకరీ పోతుందని ఆమెకు తెలుసు. నెల రోజులు ఆ చేతిని కొంగు కింద దాచుకుంది. నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

నిన్న గాజు సీసాలో నూనె తెచ్చి నేనే కలిపాను. చేతికి రాసుకుని కూర్చున్నాను. మండలేదు. ఆ డబ్బా వాసన పట్టలేకపోయిన నా ముక్కు మీద నాకు నమ్మకం లేక ఇంకాసేపు కూర్చున్నాను. జోరీగలు బర్రె మీద వాలుతున్నాయి, అది కాళ్లు విదిలిస్తోంది.

"ఇంకెంతసేపే అన్నా, నెత్తురు కారుతున్నది దానికి" అన్నది పక్కింటి కోడలు.

లేచి, నూనె చేత్తో పొట్ట మీద నిమిరాను. లోపల దూడ తన్నింది. మండి తన్నిందో, ఊరికే తన్నిందో తెలియక, చెయ్యి తీయకుండా అలాగే నిలబడిపోయాను.