మూడో నంబరుకు పిలుపు

మా అమ్మాయి జట్టు ఓడిపోవడం నాకు కొత్త కాదు. నందిగామలో వాళ్ళ జూనియర్ కాలేజీ ఆడపిల్లలకు ఫుట్‌బాల్ జట్టు పెట్టిన దగ్గర్నుంచి ప్రతి ఓటమినీ గోల్ వెనక నిలబడి చూసినవాణ్ణి. గోల్ వెనకే ఎందుకంటే, మా అమ్మాయి గోల్‌కీపరు. మిగతా తల్లిదండ్రులు నీడ చూసుకుని కూర్చునేవారు. నేను మాత్రం ఎండలో, ఆ వల వెనక, తనకు నాలుగడుగుల దూరంలో ఉండేవాణ్ణి. బంతి వలలో పడ్డ ప్రతిసారీ నా కడుపులో పడ్డట్టే ఉండేది.

ఊరికే నిలబడితే బాగానే ఉండేది. అరిచేవాణ్ణి. అందులో నా తప్పేమీ లేదు. నేను నందిగామ కోర్టులో అటెండర్ని. కేసు రాగానే గుమ్మంలో నిలబడి వాది పేరూ ప్రతివాది పేరూ మూడేసి సార్లు పిలవడం నా పని. టీ కొట్టు దగ్గరున్నవాడికీ, చెట్టు కింద కునుకు తీస్తున్నవాడికీ, మెల్లగా బస్టాండ్ వైపు జారుకుంటున్నవాడికీ కూడా వినబడాలి. ఒకసారి మైకు పెడదామనుకున్నారు. ఈయనుండగా మైకెందుకని వకీళ్ళే అడ్డుపడ్డారు. ఏళ్ళ తరబడి అలా పెంచుకున్న గొంతును ఆదివారం పూట జేబులో పెట్టుకోమంటే ఎలా? పైగా నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

గొడవంతా జగ్గయ్యపేటలో జరిగిన మ్యాచ్‌తో వచ్చింది. అక్కడి జట్టు కూడా మాలాంటిదే కాబట్టి ఆ రోజు మాకు నిజంగానే ఆశ ఉంది. ఆట అయిపోవచ్చింది, రెండు వైపులా గోల్ లేదు. ఇంతలో బంతి పైకి లేచి మా గోల్ ముందుకు దిగుతోంది. దాని కింద మా జట్టు మూడో నంబరు పిల్ల ఒక్కతే ఉంది. నాకు చిన్నప్పట్నుంచీ తెలిసిన ఆట క్రికెట్టు. గాల్లోకి లేచిన బంతిని ఏం చేయాలన్న విషయంలో నాకు ఏ సందేహమూ లేదు.

“పట్టుకో! పట్టుకో! పట్టుకో!” అన్నాను, కోర్టులో పిలిచినట్టే.

ఆ పిల్ల పట్టుకుంది. రెండు చేతులతో ఒడిసి పట్టి గుండెలకు హత్తుకుంది. నేను చప్పట్లు కూడా కొట్టాను. గ్రౌండ్ మొత్తం మీద చప్పట్లు కొడుతున్నది నేనొక్కణ్ణే అని అర్థమయ్యేసరికి రిఫరీ విజిల్ వేసి, బంతిని చేత్తో పట్టినందుకు పెనాల్టీ ఇచ్చాడు. ఆ ఒక్క గోల్‌తో ఓడిపోయాం.

తిరుగు బస్సులో మా అమ్మాయి నా పక్కన కూర్చోలేదు. నందిగామలో దిగాక మాత్రం ఒకే మాట అంది. “మ్యాచ్‌లకి రావొద్దనట్లేదు నాన్నా. వచ్చి నోరు తెరిచావంటే మాత్రం ఇంక నేను ఆడను.”

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పుకుంటే ఆవిడ జాలిపడలేదు సరిగదా, ఉపాయం చెప్పింది. “బెల్లం పప్పుచెక్క నోట్లో పెట్టుకోండి. లేతపాకంది తీసుకుంటే పళ్ళకి అంటుకుపోద్ది, అరుద్దామన్నా నోరు రాదు.”

తర్వాతి మ్యాచ్ విజయవాడ జట్టుతో, విజయవాడలోనే. జేబునిండా పప్పుచెక్కలు పోసుకుని వెళ్ళాను. వాళ్ళు పన్నెండు గోల్స్ కొట్టారు. నేను వేరుశనగపప్పు నమిలాను, పళ్ళు నూరాను, గోల్ స్తంభాన్ని రెండు సార్లు తన్నాను. నోరు మాత్రం తెరవలేదు. అంత నిశ్శబ్దంగా ఓడిపోవడం ఎంత కష్టమో ఓడిపోయి అరిచేవాళ్ళకు తెలియదు.

కాలేజీలో తోటి పిల్లలు మా అమ్మాయికి ‘డజను’ అని పేరు పెట్టారు. ఏ మ్యాచ్ అయినా సరే, ఇంటికి రాగానే గ్లౌజులు ఉతికి దండెం మీద ఆరేయడం తన అలవాటు. ఆ రోజు మట్టితోనే సంచిలో వదిలేసింది. “ఆ టీమ్ మళ్ళీ మన ఊరొచ్చి ఆడుద్ది నాన్నా. అప్పుడు కూడా ఇట్లా గోల్స్ తింటే, ఈ గ్లౌజులు బీరువాలో పెట్టేస్తా. ఇంక చాలు,” అంది. ఏడ్చి చెప్పినా బాగుండేది. కూర గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. అది విని నాకు భయం వేసింది. ఈ ఇంట్లో ఒక పనిని అంత ఇష్టంగా చేసేవాళ్ళు ఇంకెవరూ లేరు.

వాళ్ళు మా ఊరొచ్చే ఆదివారం పొద్దున, విజయవాడ జట్టు బస్సు దారిలో కీసర దగ్గరే ఆగిపోవాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. బస్సు అరగంట ముందే వచ్చింది.

మేము ఆడింది హైవే పక్కన గ్రౌండ్‌లో. ముక్త్యాల వైపు నుంచి వచ్చే సిమెంటు లారీలు హారన్లు మోగిస్తూనే ఉన్నాయి. పావుగంటలో రెండు గోల్స్ పడ్డాయి. పప్పుచెక్క మీద పప్పుచెక్క నోట్లో కుక్కుకున్నాను. నాక్కూడా కనబడుతోంది లోపం ఎక్కడుందో. బంతి ఎటుపోతే అటు మా మూడో నంబరు పిల్ల పరిగెడుతోంది, తన చోటు ఖాళీ అయిపోతోంది, వాళ్ళు సరిగ్గా అందులోంచే వస్తున్నారు. మా అమ్మాయి వెనక్కి రమ్మని అరుస్తూనే ఉంది. తన గొంతు నాది కాదు, పక్క గదిలోకి కూడా వెళ్ళదు. లారీల మోతలో ఎవరికి వినబడుతుంది?

మూడో గోల్ కావలసింది. మా అమ్మాయి ఎలాగో కాలు అడ్డం పెట్టి ఆపింది. లేచి, మోకాలికి మట్టితో, నా వైపు తిరిగింది. “నాన్నా! మూడో నంబర్ని వెనక్కి పిలువు!”

నోరు తెరుద్దామంటే పళ్ళు విడిపడలేదు. వేలు పెట్టి పాకమంతా లాగి అవతల పారేశాను.

“మూడో నంబరూ, వెనక్కీ! మూడో నంబరూ, వెనక్కీ! మూడో నంబరూ, వెనక్కీ!”

మా మూడో నంబరు ఉన్నచోటే ఉలిక్కిపడి వెనక్కి పరిగెత్తుకొచ్చింది. విజయవాడ వాళ్ళ మూడో నంబరు కూడా తన గోల్ దాకా వెనక్కి పరిగెత్తింది. పాపం, ఆ పిల్లకు ఎవరు పిలిచారో తెలియలేదు.

రిఫరీ నా దగ్గరికొచ్చాడు. “ఏంటండీ ఇది? కోర్టనుకున్నారా?”

“అక్కడే పన్జేస్తానండి,” అన్నాను.

ఆయనకు నవ్వొచ్చింది. గీత దాటకుండా అరుచుకోమని వెళ్ళిపోయాడు.

ఇక అక్కణ్ణుంచి మా అమ్మాయి మెల్లగా చెప్పడం, నేను పిలవడం. “ఐదో నంబరూ, ఎడమ పక్కకీ!” “ఎనిమిదో నంబరూ, ఆ పొడుగు పిల్లని వదలొద్దూ!” నా సొంత తెలివి ఒక్క మాట కూడా కలపలేదు. జగ్గయ్యపేటలో బుద్ధొచ్చింది. బంతి పైకి లేచినప్పుడల్లా రెండు చేతులతో నోరు మూసుకున్నాను. వాళ్ళు వస్తూనే ఉన్నారు, మావాళ్ళు అడ్డం పడుతూనే ఉన్నారు. చివర్లో ఒక బంతి పైమూలకు దూసుకొస్తే మా అమ్మాయి గాల్లోకి ఎగిరి వేళ్ళ కొసలతో అవతలికి నెట్టింది. అది చూశాక నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

విజిల్ వేశారు. సున్నా - రెండు. ఓడిపోయాం.

మా పిల్లలు కేకలు పెడుతూ వచ్చి మా అమ్మాయి మీద పడ్డారు. గెలిచిన విజయవాడ పిల్లలు నడుం మీద చేతులు పెట్టుకుని వింతగా చూస్తున్నారు. మూడో నంబరు పిల్ల వాళ్ళ నాన్న జగ్గయ్యపేట నాటి నుంచి నాతో మాట్లాడటం లేదు. ఆయన పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకున్నాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఇద్దరం కలిసి గంతులేశాం. ఈ వయసులో అంత ఎత్తు ఎగరగలనని నాకే తెలియదు.

మర్నాడు కోర్టులో నా గొంతు పెగల్లేదు. ఒక్కొక్క పార్టీ దగ్గరికీ నడిచి వెళ్ళి, భుజం తట్టి లోపలికి తీసుకొచ్చాను. ఒక వకీలుగారు చూసి, “గొంతట్లా పోయిందంటే గెలిచుంటారే! ఎన్ని గోల్సు?” అని అడిగారు. రెండు వేళ్ళు చూపించాను. “శభాష్!” అన్నారు. ఆ రెండూ ఎవరు కొట్టారో ఆయన అడగలేదు. చెప్పడానికి నాకు గొంతూ లేదు.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే దండెం మీద ఉతికిన గ్లౌజులు కనబడ్డాయి. ఇంకా నీళ్ళు కారుతున్నాయి. మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తకుండానే అంది.

“స్టవ్ మీద ఉప్పునీళ్ళు కాచి పెట్టా, పుక్కిలించు. వచ్చే ఆదివారం మళ్ళీ జగ్గయ్యపేట నాన్నా. పప్పుచెక్కలు తెచ్చుకోకు.”