వాన రీలు

మొన్న ఆదివారం ఎల్‌బీ నగర్‌లోని మా ఇంట్లో, చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక, మా మనవడు సోఫాలో వెల్లకిలా పడుకుని ఫోనులో ఒక పాత సినిమా చూస్తున్నాడు. చూస్తున్నాడని మర్యాదకు అంటున్నాను. ఎవరూ మాట్లాడని చోటు వస్తే చాలు, వేలితో రెండుసార్లు కొట్టి ముందుకు దూకిస్తాడు. మూడు గంటల సినిమాను నలభై నిమిషాల్లో ముగించి, ఉత్త ల్యాగ్ అని తీర్పు కూడా చెబుతాడు. పెళ్లికి పోయి ఆవకాయ నాకి వచ్చి, భోజనాలు బాగాలేవన్నట్టు. ఆ ఫోనులో, రేవులో నిలబడ్డ అమ్మాయిని చూసి సినిమా ఏదో నేను గుర్తుపట్టాను.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం జోరు మీదుండి కాలేజీలు మూతపడిన రోజుల్లో, ఆ సినిమా దిల్‌సుఖ్‌నగర్ దగ్గరి ఒక రేకుల కప్పు హాలుకు వచ్చింది. మేం చంపాపేటలో కిరాయికి ఉండేవాళ్లం. మా నాయన వారమంతా ఒక దవాఖానాలో మందులు కలిపేవాడు, ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవాడు. ఆ సినిమా ఒకసారి చూసొచ్చి పిచ్చివాడైపోయాడు. అందులో ఆ అమ్మాయి పడవ కోసం వానలో ఎదురుచూస్తుంది. రీలు పొడుగునా మాటే ఉండదు, వీణా వేణువూ తప్ప. ఆ వరసను నాయన రోజూ సాయంత్రం హార్మోనియం మీద వెతుక్కునేవాడు. అంతా చిక్కింది గానీ చివరి ముక్క చిక్కలేదు; ప్రతిసారీ పైకి ఎక్కించి చూసి, కాదని తల ఊపి, పెట్టె మూసేవాడు. ఇంకొక్కసారి వింటే చాలనేవాడు. ఇంతలో కర్ఫ్యూ పెట్టి హాలు మూయించారు. మళ్లీ తెరిచిన రోజు ఒకే ఒక్క మధ్యాహ్నం ఆట, మర్నాడు ఆ రీళ్ల డబ్బాలు వేరే ఊరికి పోతాయన్నారు. నన్నూ వెంటబెట్టుకుని బయల్దేరాడు.

"వాన పడే కాడ జర చెవులు పెట్టి ఇను బిడ్డా, ఆఖరుకు ఏడికి పోతదో నువ్వు గూడ యాదిల పెట్టుకో" అన్నాడు దారిలో.

నాకప్పుడు ఇరవై ఏళ్లు, ఊరేగింపుల్లో అరిచి అరిచి నా గొంతు నాకే గొప్పగా వినబడే వయసు. నాయన కుర్చీ టికెట్టు తీసుకున్నాడు, నేను దోస్తులతో బెంచీల్లో చేరాను. మా బెంచీల మేధావులు ఆ సినిమా ముందే చూసి, వాన రీలులో హాయిగా నిద్రపోయిన ఘనులు. ఇంటర్వెల్‌లో మేనేజరు తెర ముందుకొచ్చి, కర్ఫ్యూ మూలాన ఐదింటికల్లా అందరూ ఇళ్లకు చేరాలి గనుక ఒక రీలు తీసెయ్యక తప్పదని, ఏది తియ్యమంటారని అడిగాడు. ఆ హాల్లో అది మామూలే. బెంచీలు ఏది వద్దని అరిస్తే అది పోయేది, ఫైటింగు మాత్రం ఎన్నడూ పోలేదు. దోస్తులు నా వైపు చూశారు. నేను బెంచీ ఎక్కాను.

"గా వాన రీలు లేపెయ్యుండ్రి! మాట లేదు, ముచ్చట లేదు, ఏంది గది!"

హాలంతా చప్పట్లు. సంగీతమంటే ఏమిటో తెలియని గాడిదల మందకు ఆ పూట నేనే నాయకుణ్ణి. నాయన చెప్పింది గుర్తు లేక కాదు, దోస్తుల ముందు గొప్ప కావలసి వచ్చింది.

వాన రీలు లేకుండానే ఆట ముగిసింది, ఇద్దరం ఇంటికి బయల్దేరాం. చర్చిలో నలభై మంది పాడుతుంటే శ్రుతి తప్పిందెవరో తల తిప్పకుండా చెప్పే మనిషికి కొడుకు గొంతు తెలియకుండా ఉంటుందా? ఇల్లు దగ్గర పడ్డాక, "గంత గొంతున్నోనివి, చర్చిల ఎందుకు పాడవురా?" అన్నాడు. కొట్టినా బాగుండేది. ఆ వరస ఆయన మళ్లీ వాయించలేదు. ఆ సినిమా మళ్లీ మా వైపు రాలేదు. ఆయన పోయి ముప్ఫై ఏళ్లు దాటింది.

మొన్న మనవడి చేతిలో ఫోను లాక్కుని, వెనక్కి తిప్పించి, వాన మొత్తం విన్నాను. చివరి ముక్క పైకి పోలేదు. మెల్లగా మూడు స్వరాలు కిందికి దిగి ఆగింది. నాయన అన్ని సాయంత్రాలు పైన వెతికింది కింద ఉంది. ఒక్కసారి వింటే పట్టేసేవాడు. ఏడుపొచ్చింది.

"ఏమైంది తాతా, గీడ ఏం జరగలే గదా?" అన్నాడు మనవడు.

తిట్టబోయి నోరు మూసుకున్నాను. ఆ హాలు ఇప్పుడు లేదు, ఆ బెంచీలూ లేవు. అప్పట్లో ఒక రీలును తీసెయ్యాలంటే హాలు నిండా జనం, ఈలలు, మేనేజరు కావలసి వచ్చేది, ఇప్పుడు ఒక వేలు చాలు. అయినా వీడు దాటేసుకుంటున్నది వీడి సినిమానే. నేను దాటించింది మా నాయనది.