పిన్ని కోసం చేసిన పెట్టెలు

బాబాయి పోయారన్న సంగతి మా పేటకంతటికీ మందిరం మైకులో చెప్పారు. నేను పొయ్యి మీద పాలు పెట్టి నిలబడి ఉన్నాను. పాస్టరుగారి గొంతు మధ్యలో గరగరమని, తెగిపోయి, మళ్లీ అందుకుంది. "ప్రభువునందు నిద్రించారు" అన్న మాట సగమే వినబడింది. నాకు ముందు తట్టింది చావు కాదు. ఆ మైకు గొట్టంలో వైరు వదులైనట్టుంది, బాబాయికి చెప్పాలి అనుకున్నాను. ఆ తర్వాత గాని పోయింది ఆ బాబాయేనని తట్టలేదు.

రాజోలు చుట్టుపక్కల పాత స్పీకర్లు బాగుచేసే మనిషి ఎవరంటే మా బాబాయి పేరే చెప్పేవారు. మా నాన్నకి తమ్ముడు. మందిరాల వాళ్లు, గుడుల వాళ్లు గొట్టాలు తెచ్చేవారు. పాటల సరదా ఇంకా పోని కొబ్బరితోటల ఆసాములు తాతల నాటి చెక్క స్పీకరు పెట్టెలు కారులో వేసుకొచ్చేవారు. వరండాలో కిటికీ పక్కన బల్ల. బల్ల ముందు కూర్చోబోయే ముందు చేతి గడియారం తీసి దూరంగా మేకుకి తగిలించేవారు, అయస్కాంతాలకి పాడవుతుందని. టార్చిలైటు బ్యాటరీని వైర్లకి ఒకసారి తాకించి, ఆ "టప్" మన్న చప్పుడు కళ్లు మూసుకుని, నోరు కొంచెం తెరిచి వినేవారు. ఆ మొహం చూస్తే మాకు నవ్వొచ్చేది.

ఎవరొచ్చినా ఏమైందని అడిగేవారు కాదు. "దీనికి ఏ ఆంప్లిఫయరు తగిలిస్తున్నారండీ?" అనేవారు. తెలియదంటే వెనక్కి పంపేవారు, అది కూడా పట్టుకురమ్మని. కోపాలొచ్చి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. "పెట్టెని చూసి ఆంప్లిఫయరు తెచ్చుకోవాలండీ. మన దగ్గర ఉంది కదాని ఏదో ఒకటి తగిలించేత్తే, నేను బాగుచేసీ లాభం లేదు" అనేవారు. లోపల్నించి పిన్ని అందుకునేది. "మనకి ఆడపిల్ల లేదు కదా, పెట్టెలకి సంబంధాలు చూసుకుంటున్నారు." ఆ మాట ఆయనకి బాగా నచ్చేసింది. ఆ తర్వాత నుంచి పెద్ద ఆంప్లిఫయరు పట్టుకొచ్చిన వాళ్లతో, "ఈ సంబంధం వద్దండీ, పిల్ల నలిగిపోద్ది" అనడం మొదలుపెట్టారు.

ఆయన చొక్కాలని పిన్ని మిగతా బట్టలతో కలిపి నానబెట్టేది కాదు. స్పీకరు లోపల రాగితీగ చుట్టిన కాయిల్ ఉంటుంది. అది కాలిపోయినప్పుడు వార్నిషు మాడిన వాసనొకటి వస్తుంది, చేదుగా, గొంతు పట్టేసేలా. ఆయన రోజూ విప్పేవి కాలిన కాయిల్సే కాబట్టి ఆ వాసన చొక్కాల్లో దిగిపోయింది. "ఏ సబ్బుకీ పోదే అమ్మడూ, కట్టుకున్ననాటి నుంచీ ఇదే గోల" అని నా దగ్గర ఎన్నిసార్లు విసుక్కుందో.

పిన్నికి ఇంకో గోల కూడా ఉండేది. బాగుపడిన పెట్టె ఏదైనా ఆ సాయంత్రమే ఎవరిది వాళ్లింటికి వెళ్లిపోతుంది. ఇంట్లో మిగిలేవి మూగవి, బొంగురు గొంతువి. ఒక రోజు భోజనాల దగ్గర, "ఊరందరికీ పాటలు. నా ఇంట్లో మాత్రం ఒక్క పాట తిన్నగా విన్న పాపాన పోలేదు" అంది. వేళాకోళానికే అంది. బాబాయి ఆ మాట మనసులో పెట్టుకున్నారు. వారం తిరక్కుండా, మూతబడిన సినిమాహాలొకటి పడగొడుతున్నారని తెలిసి వెళ్లి, తెర వెనకుండే పెట్టెలు రెండు లారీలో వేయించుకొచ్చారు. ఎలకలు కొట్టేసి, స్పీకర్ల కాగితపు గిన్నెలు చిరిగి, దుమ్ము తప్ప ఏమీ కనబడని పెట్టెలవి. "ఇవి ఎవరికీ ఇవ్వనే. ఇవి నీయి" అన్నారు.

అప్పటికే దగ్గు మొదలైంది.

అమలాపురంలో ఛాతీకి ఎక్స్‌రే తీయించారు. మందులు రాసి, కొన్నాళ్లాగి అదే ఎక్స్‌రే పట్టుకుని మళ్లీ రమ్మన్నారు డాక్టరుగారు. ఆ రెండోసారి పిన్నికి తోడుగా నేనూ వెళ్లాను. కొత్త ఫిల్ము పక్కన పెట్టి చూద్దామని ఆయన పాతది అడిగారు. పిన్ని కవరులోంచి తీసింది. దానికి అడుగు భాగం లేదు. కత్తెరతో తిన్నగా కోసేసి ఉంది.

"ఇదేంటండీ?" అన్నారు డాక్టరుగారు, దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని.

"నేనే కోసేనండీ" అన్నారు బాబాయి, తడుముకోకుండా. "కాయిల్ చుట్టూ సందులో పెట్టాలండీ, ఎటూ తగలకుండా మధ్యన నిలబడాలి గదండీ. జిగురు ఆరేదాకా సన్నగా కోసిన ఎక్స్‌రే ముక్కలు దూర్చి, తర్వాత లాగేత్తామండీ. దానికంటే మంచిది దొరకదండీ."

"అందుకు మీ ఛాతీయే దొరికిందా?"

"ఇంట్లో ఇంకోటి లేదండీ. లోపలున్నది ఎక్కడికీ పోదు గదండీ."

పిన్ని ఏడవాలో నవ్వాలో తెలియక కొంగు నోటికడ్డం పెట్టుకుంది. డాక్టరుగారు నవ్వలేదు. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని, ఇన్నేళ్లూ పీల్చిన ఆ పొగా, ఆ జిగుర్ల ఘాటూ ఇక పనికిరావని, బల్ల ముందు కూర్చోవద్దని చెప్పారు. "ఆయ్, అలాగేనండీ" అన్నారు బాబాయి. ఆయన అంత తొందరగా ఒప్పుకున్నారంటే మాననని అర్థం. అది మాకు తెలుసు.

మానలేదు. బయటి పనులన్నీ వెనక్కి పంపేసి, ఆ రెండు పెట్టెలే పట్టుకున్నారు. చిరిగిన కాగితానికి పల్చటి కాగితం పొరలు పొరలుగా అతికించారు. కాయిల్స్ కొత్తగా చుట్టారు. నాలుగు చుట్లు చుట్టి, బల్లకి తల ఆనించి ఊపిరి తీసుకునేవారు. పిన్ని పక్కన నిలబడి వద్దనేది. తర్వాత వద్దనడం మానేసి విసనకర్రతో ఆ పొగని కిటికీలోంచి బయటికి తోస్తూ ఉండేది. "నేనా మాట అనకపోయినా బాగుణ్ణు" అని నాతో వంటింట్లో అంది.

పెట్టెలు పూర్తయ్యాయి. అయినా ఆయన వాటిని పలికించలేదు, సరైన ఆంప్లిఫయరు దొరకలేదని. వాళ్లబ్బాయి, అంటే మా తమ్ముడు, కాకినాడలో ఉద్యోగం. నాన్న కోరిక తీరుద్దామని ఓ పెద్ద ఆంప్లిఫయరు కొనుక్కొచ్చాడు. బాబాయి మంచం మీద నుంచే దాన్ని చూసి, "ఏనుగుని తెచ్చి గుమ్మంలో కట్టేవేంట్రా" అన్నారు. "ఈ పెట్టెలు పాతకాలం నాటివి. చిన్న ఆంప్లిఫయరుకే హాలంతా వినిపించేయి. ఊదితే పలుకుతాయి. వీటికి చిన్నది, మెత్తగా ఇచ్చేది చూడాలి." చూడాలి చూడాలి అంటూనే ఉన్నారు. ఆక్సిజన్ సిలిండరు చప్పుడు తప్ప ఆ గదిలో ఇంకేమీ వినబడని రోజులు వచ్చాయి. ఆ తర్వాత, ఆ ఉదయం మైకులో చెప్పారు.

బాబాయిని తలుచుకుని ప్రార్థన చేసే ఆదరణ కూడిక రోజున ఇంటి ముందు షామియానా వేశారు. తమ్ముడు ఆ రెండు పెట్టెలూ మోసుకొచ్చి, ఫొటోకి అటొకటి ఇటొకటి పెట్టాడు. "నాన్న చేసినవి అక్కా. ఈ రోజైనా పలకాలి" అన్నాడు. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. సౌండు అద్దెకిచ్చే కుర్రాడు తన ఆంప్లిఫయరు వైర్లే వాటికి తగిలించాడు. మందిరాల్లో గొట్టాలకి వాడే పెద్దది అది.

ప్రార్థన బాగానే వినిపించింది. తర్వాత పాట ఎత్తుకున్నారు. ఆ పెట్టెల్లోంచి వచ్చిన గొంతు నేను ఎప్పటికీ మరిచిపోను. పాడేవాళ్లు పిన్ని మోకాళ్ల దగ్గర కూర్చుని పాడుతున్నట్టే ఉంది. పిన్ని తలెత్తి పెట్టెల వంక చూసింది. ఆయన పోయాక ఆవిడ దేన్నైనా అలా చూడడం అదే మొదలు. ఇంతలో వెనక కూర్చున్నవాళ్లు వినబడట్లేదని చేతులూపారు. ఆ కుర్రాడు సౌండు పెంచేశాడు.

కుడివైపు పెట్టె గరగరమంది. దాని ముందు బిగించిన గుడ్డలోంచి సన్నగా పొగ వచ్చింది. పాట ఆగింది, వైర్లు లాగేశారు. అందరూ తలో మాటా అంటున్నారు. తమ్ముడు తలకాయ పట్టుకుని కూలబడిపోయాడు. పిన్ని లేచింది. వాణ్ణి తిడుతుందనుకున్నాం. తిట్టలేదు. నేల మీద కూర్చుని, పొగ వస్తున్న పెట్టెకి మొహం ఆనించి, గట్టిగా ఊపిరి పీల్చుకుంది. మా అత్త ఒకావిడ వెనక్కి లాగబోయింది.

"ఉండండి వదినా" అంది పిన్ని. "ఆయన చొక్కా వాసన."

మా అందరికీ దుఃఖం అప్పుడు పొంగింది. నేనైతే వంటింట్లోకి వెళ్లి మరీ ఏడ్చాను.

ఎడంవైపుది బాగానే ఉంది. బాబాయి ఇక బాగుపడదని అటకెక్కించిన ఓ చిన్న పాత ఆంప్లిఫయరు దించి, కోనసీమంతా తిరిగి పని తెలిసినవాళ్లని పట్టుకుని బాగుచేయించి, దానికి తగిలించాను. నప్పింది. ఉదయం పూట రేడియో పాటలు వస్తాయి, ఇల్లు నిండుతుంది. కాలిపోయినదాన్ని కూడా కాకినాడ తీసుకెళ్లి చేయిస్తానని తమ్ముడు ఎంత చెప్పినా పిన్ని ఒప్పుకోలేదు. పాట ఎడమ పెట్టెలోంచి వస్తుంటే ఆవిడ కుర్చీ కుడి పెట్టె పక్కన వేసుకుని కూర్చుంటుంది. గాలి తగలకుండా దాని మీద దళసరి దుప్పటి కప్పి, అంచులు లోపలికి దోపింది.

మొన్న ఆదివారం మందిరం నుంచి వస్తూ వెళ్లాను. పిన్ని దుప్పటి కొంచెం ఎత్తి, తల లోపలికి పెట్టి, గట్టిగా ఊపిరి పీల్చుకుంది. తర్వాత దుప్పటి మళ్లీ సర్ది, నావైపు తిరిగింది.

"తగ్గిపోతందే అమ్మడూ" అంది.