ఇంచీల బోల్టులు

నాచారంలోని మొగిలయ్య షెడ్డుకు ఆ బీఎస్ఏ మోటార్‌సైకిల్ ట్రాలీ ఆటోలో వచ్చింది. సగం బండి, సగం గోనెసంచుల్లో సామాను. వెంట తారామణి దిగింది. ఆమె భర్త అచ్యుతరావు రైల్వేలో ఇంజనీరుగా రిటైరై, మౌలాలిలోని ఇంట్లో ఆ బండిని విప్పి తన చేతులతోనే బాగుచేసుకుంటుండగా పక్షవాతం కొట్టింది. కుడిచెయ్యి పడిపోయింది, మాటా పోయింది.

“రోజంతా దాన్నే చూస్తూ కూర్చుంటున్నారు, రాత్రుళ్లు నిద్రపోరు. ఎలాగోలా పూర్తిచేసి పెట్టండి మొగిలయ్య గారూ,” అందామె.

“జేస్త అమ్మా,” అన్నాడు మొగిలయ్య.

ఆ మాటలో హుషారు లేదు. సగం జీవితం మల్లాపూర్‌లో లేత్ మిషన్ ముందు నిలబడ్డ మనిషి. ఫ్యాక్టరీ మూతపడ్డాక బతుకుదెరువుకు ఈ షెడ్డు పెట్టుకున్నాడు. మోకాళ్లు అప్పటికే అరిగిపోయాయి.

అన్నీ కుదిరాయి గానీ, ఇంజన్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే బోల్టులు తుప్పుతిని విరిగిపోయాయి. ఇంగ్లండ్ బండి కాబట్టి దానిది ఇంచీల లెక్క. ఇప్పుడు బజార్లో దొరికేవి మిల్లీమీటర్లవి. వాటి థ్రెడ్డు వేరు, తలకాయ వేరు. మొగిలయ్యకు ఆ సంగతి తెలుసు. తిరిగే ఓపిక లేక, కొంచెం వదులుగా కూర్చునే తళతళలాడే స్టీలు బోల్టులే బిగించేశాడు.

చూడ్డానికి అచ్యుతరావును ఆటోలో తీసుకొచ్చారు. కుర్చీలో కూర్చుని ఎడమచేత్తో బండిని తడుముతూ వచ్చిన ఆయన, ఆ బోల్టుల దగ్గర ఆగి తల అడ్డంగా ఊపాడు.

“ఉండనివ్వండి, ఎవరు చూడొచ్చారు?” అంది తారామణి.

ఆయన కళ్లు నిండాయి. చెప్పడానికి నోరు లేదు.

“ఇప్తా సార్. పాతయి దెస్త,” అన్నాడు మొగిలయ్య. ఆ మాట ఎందుకన్నానా అని వెంటనే అనిపించింది.

ఉప్పల్ దారిలో మెట్రో పిల్లర్లు లేస్తున్న రోజులవి. ఆ దుమ్ములో పాత ఇనుప సామాన్ల కొట్లన్నీ తిరిగాడు. ఎక్కడా దొరకలేదు. చివరి కొట్లో ఒకతను చెప్పాడు, మల్లాపూర్‌లో మూతపడ్డ ఫ్యాక్టరీ మిషన్లను ముక్కలు కోస్తున్నారని. అది మొగిలయ్య పనిచేసిన ఫ్యాక్టరీయే.

వెళ్లేసరికి తను నడిపిన లేత్ పక్కకు ఒరిగి పడుంది. అదీ ఇంగ్లండ్‌దే, ఇంచీల లెక్కదే. గ్యాస్ కట్టర్ పట్టుకున్నతను దాని దగ్గరే నిలబడి ఉన్నాడు.

“జర ఆగు తమ్మీ. నాలుగు బోల్టులు తీసుకుంట.”

“తీస్కో పెద్దాయనా. ఎట్లయినా కరగబోసేదే గద.”

మొగిలయ్య నేలమీద చతికిలబడి పానా పెట్టాడు. ఎక్కడ ఏ బోల్టుందో వెతుక్కోనక్కర్లేదు. ఒకటి మాత్రం కదల్లేదు. కిరోసిన్ పోసి, నానేదాకా మిషన్‌కే చేరగిలబడ్డాడు.

“నువ్వీడ పనిజేసినవా?”

“గీ మిషన్ మీదనే.”

అతను కట్టర్ తీసుకుని అవతలి మిషన్ దగ్గరికి పోయాడు.

కిరోసిన్‌కు అదీ వదిలింది. షెడ్డుకు తెచ్చి రుద్ది, నల్లరంగు ఎక్కించాక బోల్టులు వాటి చోట్లలో పుట్టినట్టే కూర్చున్నాయి. చివరిదాన్ని అచ్యుతరావు ఎడమచేతికిచ్చాడు. ఆయన రెండు చుట్లు తిప్పాడు. మిగతాది మొగిలయ్య బిగించి, బండిని కిక్కు కొట్టాడు. ఎన్నోసారికో అందుకుంది. అచ్యుతరావు కళ్లు మూసుకుని కాసేపు విని, చాలన్నట్టు చెయ్యెత్తాడు. తను నడపలేడని ఆయనకు తెలుసు.

“ఇంక నిద్రపోతారేమో,” అంది తారామణి మెల్లగా.

సాయంత్రం ఇంట్లో మొగిలయ్య మోకాళ్లకు భార్య లక్ష్మీనర్సమ్మ నూనె రాస్తూ, “మళ్ల గసొంటి బండ్లు పట్టకు,” అంది.

“మన కంపెనీ మొత్తం కోస్తున్రు,” అన్నాడాయన.

ఆమె చెయ్యి కాసేపు ఆగింది. మళ్లీ రాయసాగింది.