తలుపు మీద సుద్ద గీతలు

దేశం కాని దేశంలో, నోవై అనే ఊళ్ళో ఆ చలికాలం మా అట్టపెట్టెలు సగం విప్పనేలేదు. పెళ్ళయ్యాక అది నాలుగో ఇల్లు. మా ఆయన్ని వేరే రాష్ట్రంలో ఉన్న ఫ్రిస్కో ప్రాజెక్టుకి రమ్మంటున్నారు, ఇంటి లీజు తీరిపోవస్తోంది, నాకు ఏడో నెల. కాన్పయ్యేదాకా ఈ ఇంట్లో ఉండనిస్తే చాలని నా ఆరాటం. “ఓనర్‌తో మాట్లాడి ఎక్స్‌టెండ్ చేయిద్దాంలే, నువ్వు టెన్షన్ పడకు,” అనేవారు ఆయన. మాట్లాడేవారు మాత్రం కాదు.

ఓనరమ్మ కింది వాటాలో ఉండేది. రిటైరైన హిస్టరీ టీచరు. పూర్వీకులు స్కాట్లాండులో కౌలుదార్లట. టీకి పిలిచి అప్పటి మాటలు చెప్పేది. కౌలుని ‘టాక్’ అనేవారు. దొరకి కౌలు కింద ఇచ్చుకునే కోళ్ళు ‘కెయిన్’. మన జమీందార్లూ ఏం తక్కువ తినలేదులే అనుకునేదాన్ని. ఇల్లు మారడం ‘ఫ్లిటింగ్’ అని చెప్పిన రోజు మాత్రం ముళ్ళ మీద కూర్చున్నట్టయింది. టీ సగంలో వదిలేసి పైకొచ్చేశాను.

ధనుర్మాసం వచ్చింది. ముగ్గు వేయందే నాకు తెల్లవారినట్టుండదు. మెట్లనిండా మంచు. చేసేదిలేక సుద్దముక్కతో తలుపు మీదే చుక్కలు పెట్టి పద్మం వేశాను.

మధ్యాహ్నం ఉత్తరాలు ఇవ్వడానికి పైకొచ్చిన ఓనరమ్మ అది చూసి ఆగిపోయింది.

“మా వాళ్ళ ఊళ్ళో తలుపు మీద సుద్దగీత పడిందంటే నోటీసే. కోర్టు మనిషి వచ్చి గీసిపోయేవాడు. నలభై రోజుల్లో ఖాళీ చేయాలి.”

చున్నీతో గబగబా తుడిచేయబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

“బిడ్డ పుట్టేదాకా ఉండనిస్తారా?”

“దొరలు కూడా కదిలించలేని కౌలుదార్లు కొందరుండేవారు. ‘కైండ్లీ టెనెంట్స్’ అని. తరాల తరబడి ఉన్నందుకు వాళ్ళకా హక్కు.”

“మేమొచ్చి ఏడాది కూడా కాలేదుగా.”

ఆవిడ నా పొట్టకేసి చూసింది. “రెండు తరాలున్నారు. ఉండండి.”

మాట ఇచ్చింది కదా, అయినా నాకు కుదురు లేదు. కింద తలుపు చప్పుడైతే చాలు, మనసు మార్చుకుందేమోనని చెవులు రిక్కించేదాన్ని.

మార్చిలో పాపని ఎత్తుకుని ఆసుపత్రి నుంచి వచ్చాం. మా తలుపు మీద తెల్లగా సుద్దగీతలు.

“చెప్పానా, ఖాళీ చేయమంటోంది,” అన్నాను మా ఆయనతో.

ఆయన వంగి చూశారు. “నోటీసేంటే, ముగ్గు. నువ్వేసే పద్మమే. రేకులు వంకరపోయాయంతే.”

కింద మెట్టు దగ్గర ఓనరమ్మ నిలబడి ఉంది, చేతులనిండా సుద్ద. పుట్టినప్పట్నుంచీ వాకిట్లో ముగ్గు చూస్తూ పెరిగినదాన్ని, అది ముగ్గని నాకు ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది.